తెగిపోయిన సెషన్‌ను సర్వర్ ముగించాలా, మనిషికే వదిలేయాలా?

ఒంగోలు సర్వర్ గది:
మా కార్యాలయం ఒంగోలులో ఉంది. చీమకుర్తిలోని గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి పద్నాలుగు మంది ఒకే విండోస్ సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌ను తమ తెర మీద నడిపే సదుపాయం) ద్వారా వచ్చి బిల్లులు, లెక్కలు రాస్తుంటారు. వీరిలో సగం మంది సాయంత్రం సైన్ అవుట్ చేయకుండా, పైనున్న ఇంటూ గుర్తు నొక్కి ఇంటికి వెళ్లిపోతారు. దానితో తెర మూతపడుతుందే గాని సెషన్ (వారు తెరిచిన ప్రోగ్రాంలు, ఫైళ్లతో సహా) సర్వర్‌లో అలాగే ఉంటుంది. మొన్న సోమవారం టాస్క్ మేనేజర్‌లో యూజర్ల పట్టీ తెరిస్తే తొమ్మిది పేర్ల పక్కన ‘డిస్కనెక్టెడ్’ (తెగిపోయింది) అని కనిపించింది. ఒక పేరు కింద పదకొండు ఎక్సెల్ ఫైళ్లు తెరిచే ఉన్నాయి. 32 జీబీ మెమరీలో 21 జీబీ ఎవరూ పనిలోకి దిగకముందే నిండిపోయింది. గడువు పెట్టనంతవరకు విండోస్ తనంతట తాను వీటిని ముగించదు కనుక, గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలను ఒకేచోట నుంచి అందరికీ పెట్టే చోటు) తెగిపోయిన సెషన్‌లకు గంట గడువు పెడదామనుకుంటున్నాను. మా ఆడిటర్‌గారు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

నెల్లూరు మిల్లు లెక్కలు:
ఆడిటర్‌గారి మాటే సరైనది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మాకు జరిగింది చెబుతాను. మా సర్వర్ హైదరాబాదులో ఉంది, మేము నెల్లూరులో. కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. అప్పట్లో మా సర్వర్‌కు రెండు గంటల గడువు ఉండేది. సాయంత్రం కరెంటు వచ్చి లోపలికి వెళ్లి చూస్తే ఖాళీ డెస్క్‌టాప్ ఎదురైంది. సేవ్ చేయని స్టాకు పట్టిక పోయింది, అరవైకి పైగా కాటా చీట్లు మళ్లీ కొట్టవలసి వచ్చింది. మెమరీ చాలకపోతే ఇంకో 32 జీబీ కొనండి, మనుషుల పనిని మాత్రం యంత్రం చేతిలో పెట్టకండి.

కావలి సిస్టమ్స్:
మిల్లువారి బాధ నిజమే, కానీ తప్పు గడువుది కాదు, గడువు కొలతది. ఇక్కడ మూడు వేర్వేరు గడువులను ఒకటిగా కలిపి మాట్లాడుతున్నాం. మొదటిది పని చేస్తున్న సెషన్‌కు, రెండవది కీబోర్డు, మౌసు కదలని సెషన్‌కు, మూడవది తెగిపోయిన సెషన్‌కు సంబంధించినవి. రెండవదానితో జాగ్రత్తగా ఉండాలి. గంటసేపు నడిచే రిపోర్టు పెట్టి మీరు టీకి వెళ్తే, ప్రోగ్రాం ఎంత శ్రమపడుతున్నా సర్వర్ దృష్టిలో మీరు ఖాళీగా కూర్చున్నట్టే. అయితే ఆ గడువు తీరినా మామూలుగా తెగేది కనెక్షన్ మాత్రమే. లోపల రిపోర్టు నడుస్తూనే ఉంటుంది, మూడవ గడువు లెక్క అప్పుడు మొదలవుతుంది. ‘గడువు తీరగానే సెషన్‌ను ముగించు’ అనే పాలసీని కూడా ఆన్ చేస్తే మాత్రం తెగడం ఉండదు, నేరుగా ముగింపే. చాలామంది పేరు బాగుందని దాన్ని నొక్కి, తరువాత విండోస్‌ను తిడతారు.

ఒంగోలువారికి నా సలహా: కదలిక లేని సెషన్‌కు రెండు గంటలు, తెగిపోయినదానికి పన్నెండు గంటలు పెట్టండి, ఆ ‘సెషన్‌ను ముగించు’ పాలసీని మాత్రం ముట్టుకోకండి. సాయంత్రం ఏడుకు ఇంటూ నొక్కినవారి సెషన్ ఉదయం ఏడుకు పోతుంది. మధ్యాహ్నం కరెంటు పోయినవారికి రాత్రి దాకా వ్యవధి ఉంటుంది.

నెల్లూరు మిల్లు లెక్కలు:
పన్నెండు గంటలంటే నాకు సగం అభ్యంతరమే మిగిలింది. నెలాఖరున రాత్రంతా నడిచే పని పెట్టి వెళ్లేవారు మా దగ్గర ఇద్దరున్నారు. వారి సంగతేమిటి?

కావలి సిస్టమ్స్:
అందరికీ ఒకే గడువు ఉండాలని ఎవరన్నారు? ఇవే పాలసీలు కంప్యూటర్ వైపూ ఉన్నాయి, యూజర్ వైపూ ఉన్నాయి. రెండు చోట్లా పెడితే కంప్యూటర్ వైపుదే చెల్లుతుంది. కనుక అక్కడ ఏమీ పెట్టకుండా, యూజర్ వైపు గ్రూపులవారీగా ఇవ్వండి. ఆ ఇద్దరికీ రెండు రోజులు ఇచ్చినా సర్వర్‌కు భారం కాదు. రోజూ రాత్రి జరిగే పనైతే దాన్ని టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన వేళకు పనిని తనంతట తాను నడిపే విండోస్ సాధనం) పెట్టాలి, మనిషి సెషన్‌లో వేలాడదీయకూడదు.

ఒంగోలు సర్వర్ గది:
గంట గడువు ఆలోచన మానుకున్నాను. ఆ పదకొండు ఎక్సెల్ ఫైళ్లు ఆడిటర్‌గారివేనని చెబితే ఇక్కడి వాదన తేలికవుతుందేమో గాని, ఆయన ముందు మాత్రం అనలేను. ఇంకొక చిక్కు ఉంది. ఫ్యాక్టరీలో కరెంటు పోయిన తరువాత చాలాసేపటి దాకా వారి సెషన్ ‘యాక్టివ్’ అనే చూపిస్తోంది. తెగినట్టే తెలియనప్పుడు పన్నెండు గంటల లెక్క ఎప్పుడు మొదలవుతుంది?

కావలి సిస్టమ్స్:
అవతలి కంప్యూటర్ చెప్పకుండా చచ్చిపోతే సర్వర్‌కు వెంటనే తెలియదు. దానికోసమే గ్రూప్ పాలసీలోని కనెక్షన్స్ విభాగంలో, అవతలివారు ఇంకా ఉన్నారా అని సర్వర్ మధ్యమధ్య చూసుకునే ‘కీప్ అలైవ్’ పాలసీ ఉంది. దాన్ని ఆన్ చేసి, విరామాన్ని ఒక నిమిషంగా ఇవ్వండి. అదే విభాగంలో ఒక్కొక్క యూజర్‌కు ఒకే సెషన్ అనే పాలసీ కూడా ఉంది. అది ఆన్‌లో ఉంటే కరెంటు వచ్చాక తిరిగి వచ్చినవారు తమ పాత సెషన్‌లోకే చేరతారు. కాటావద్ద ముగ్గురు ఒకే యూజర్ పేరు వాడుతున్నట్లయితే మాత్రం ముందు ఎవరి పేరు వారికి ఇవ్వండి, లేకపోతే ఒకరు లోపలికి రాగానే ఇంకొకరు బయటికి నెట్టబడతారు.

ఒంగోలు సర్వర్ గది:
ముగ్గురు కాదు, నలుగురు. రేపు ఆ పనితోనే మొదలుపెడతాను.