ఒంటరి తల్లి, వేసవి ప్రేమకథ: ఇంట్లో పిల్ల ఉండగా ఇలాంటివి చదవొచ్చా?

ఉప్పల్_ఎక్కేదాన్ని:
విడాకులై నాలుగేళ్లు. పాపకి తొమ్మిది. రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగేదాకా ఫోన్‌లో ఏదో ఒకటి చదువుతాను. మొన్న ఒక ఇంగ్లిష్ రొమాన్స్. వేసవి సెలవులకి కూతురు తండ్రి దగ్గరికి వెళ్తుంది, తల్లి సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకుంటుంది, అక్కడ పడవలు బాగుచేసే ఒకతను. తర్వాత మీరనుకున్నదే, కాస్త వివరంగా.

ఫోన్‌కీ ఇంట్లో టాబ్‌కీ ఒకటే అకౌంట్. పాప హోంవర్క్ చేస్తున్న టాబ్‌లో ఆ పుస్తకం అట్ట ప్రత్యక్షమైంది, చొక్కా లేని మగాడితో సహా. మా వదిన చూసింది. "ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఇవేం పుస్తకాలమ్మా" అంది. పోపు మాడుతున్నట్టు వంటింట్లోకి పారిపోయాను. స్టవ్ మీద అసలు ఏమీ లేదు. చెప్పండి, నేను చేసింది తప్పా?

నల్లకుంట_మాస్టారు:
చదవడం మీ ఇష్టం తల్లీ. నా గొడవ పుస్తకంతో. రెండు నెలల సంబంధం, ఎవరికీ ఏ నష్టమూ ఉండదు, ఇరుగుపొరుగు నోరెత్తరు. మన అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా కొత్త మనిషి రెండుసార్లు లిఫ్ట్ ఎక్కితే మూడోసారికి వాట్సాప్ గ్రూపులో ఉంటాడు. అలాంటి అబద్ధానికి అలవాటు పడితే సొంత బతుకు చప్పగా కనిపిస్తుంది. నా భయం అదే.

ఆబిడ్స్_ఆదివారం:
మాస్టారూ, యద్దనపూడి గారి హీరోలు పెద్ద కార్లోంచి దిగినప్పుడు ఈ భయం ఏమైందండీ? మా అమ్మ అద్దె పుస్తకాల షాపులో నవల తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచేది. రోజుకింత అని అద్దె, అందుకే రాత్రికి రాత్రే అవగొట్టేది. దానివల్ల మా ఇంట్లో చప్పబడింది ఆ పూట చారు ఒక్కటే.

ఇంకో మాట. ఈ గొడవ మన భాషలో కొత్త కాదు. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అనే కావ్యం రాసింది. అందులో సుఖం కావాలని అడిగేది ఆడది. వీరేశలింగం గారు ఆమెని దుయ్యబట్టారు. వితంతువులకి దగ్గరుండి పెళ్లిళ్లు చేయించిన పెద్దమనిషే! గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆయన మాటకి ఎదురు చెప్పి, 1910లో ఆ కావ్యం పూర్తి పాఠం అచ్చేయించింది. బ్రిటిష్ సర్కారు నిషేధించింది. ప్రకాశం పంతులు గారి చొరవతో ఆ నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. అంటే మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే మనవాళ్లు అక్షింతలు వేసి దీవిస్తారు, కావాలనిపిస్తోందంటే మాత్రం చెవులు మూసుకుంటారు. ఈ వదిన గారూ అంతే. ఈమె పెళ్లిచూపులకి కూర్చుంటే కాఫీ ఆవిడే కలిపేది.

కేసు_నడుస్తోంది:
అక్కా, మీది అయిపోయింది కాబట్టి ధైర్యంగా ఉన్నారు. నాకు కస్టడీ కేసు ఉంది. ఇలాంటి అట్ట ఒకటి ఫొటో తీసి అవతలివాళ్లు కోర్టులో పెడితే? ఆ టెన్షన్‌తో నేను ఆవకాయ కొలతలు చూసినా హిస్టరీ తుడిచేస్తున్నా.

కోర్టు_మెట్లు:
అమ్మా, ఊపిరి పీల్చుకోండి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిదే అయినా అది చూడమనేది బిడ్డ మేలు. తల్లి ఏ నవల చదివిందని కాదు. అవతలి లాయరు అల్లరి పెట్టడని మాత్రం నేను హామీ ఇవ్వలేను, అది వాళ్ల పని. మీ వివరాలు మీ లాయరుకే చెప్పండి, ఇక్కడ కాదు.

నల్లకుంట_మాస్టారు:
నాగరత్నమ్మ సంగతి నిజమే, పుస్తకం మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పిల్ల సంగతి మాత్రం ఒప్పుకోను. ఆ టాబ్ చూసేది తొమ్మిదేళ్ల పిల్ల.

రెండు_జడలమ్మ:
మాస్టారు గారన్న ఆ ఒక్కటీ కరెక్టే. దానికి పుస్తకం మానక్కర్లేదు, టాబ్‌లో పాపకి వేరే ప్రొఫైల్ పెడితే సరి, పది నిమిషాల పని.

నేను అలాంటివి చాలా చదివాను. నిజం చెప్పనా? ఘాటు సీన్లు నాలుగు చదివాక అన్నీ ఒకటే, పేజీలు తిప్పేస్తాను. నేను ఆగేది వేరే చోట. పిల్లల్ని పంపేశాక ఆవిడ తొమ్మిదింటి దాకా నిద్రపోతుంది చూడండి, అక్కడ. టిఫిన్ బాక్సు లేదు, ఆటో అంకుల్ హారన్ లేదు.

ఉప్పల్_ఎక్కేదాన్ని:
రెండు జడలమ్మ గారూ, నా మనసులో మాట లాగేశారు. ఆ పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన పేజీలో పడవలతను లేడు. ఆవిడ రాత్రి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ చల్లగాలిలో నిలబడే పుచ్చకాయ ముక్కలు తింటుంది. ఎవరికీ గింజలు తీసి పెట్టదు. అంతే సీను.

ఏప్రిల్ ఆఖర్లో బడి మూస్తారు, జూన్ రెండో వారం దాకా సెలవులు. పాప పది రోజులు వాళ్ల నాన్న దగ్గర ఉంటుంది. ఆ పది రోజుల్లోనే దంత వైద్యుడు, బ్యాంకు, ఏసీ సర్వీసు అని నా లిస్టు ఇప్పటికే నిండిపోయింది. పుచ్చకాయ రాసుకోలేదు.

వదినకి ఇంకా ఏమీ చెప్పలేదు. టాబ్‌లో ప్రొఫైల్ మార్చాను. నిన్న ఇంకో నవల మొదలుపెట్టాను, అమీర్‌పేటలో జనం ఎక్కగానే అక్షరాలు చిన్నవి చేసుకుంటున్నాను.