వానకాలపు ఆకుకూరలను వేసవికి నిల్వ చేసుకోవడం ఎలా?

పెరటితోట (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది మెట్ట ప్రాంతం. శ్రావణ, భాద్రపదాల్లో గోంగూర, తోటకూర అడిగినవారికల్లా ఊరికే ఇచ్చేంతగా వస్తాయి గానీ, ఉగాది దాటిందంటే చింతచిగురు తప్ప మరో ఆకు కనబడదు. గోంగూర నిల్వ పచ్చడి ఎలాగూ పెడతాం. అది పిల్లలకు కారం, పెద్దలకు ఉప్పు ఎక్కువ. ఎండబెట్టి పప్పులోకి వాడుకుందామంటే, ఆకు నల్లబడి ఎండుగడ్డి వాసన వస్తుందంటున్నారు. రంగు, రుచి, పోషకాలు వీలైనంత మిగిలే పద్ధతి తెలిసినవారు చెప్పగలరు.

ఇంటివంట:
కోసిన తరువాత కూడా ఆకులోని ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి రంగు, వాసన మారిపోతాయి. కడిగిన తోటకూరను పలచని గుడ్డలో వదులుగా మూటకట్టి, మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, నీరంతా ఓడ్చిన తరువాతే ఆరబెట్టండి. నేరుగా ఎండ తగిలితే మనకు విటమిన్ ఎ నిచ్చే కెరోటిన్ దెబ్బతింటుంది కనుక, గాలి ఆడే నీడలో, ఆకు మీద ఆకు పడకుండా పరచాలి. ఆకు గలగలలాడుతూ నలిగి, కాడ వంగకుండా పుటుక్కున విరిగితేనే ఆరినట్లు. మునగాకుకు, కరివేపాకుకు ఈ ముంచడం అక్కరలేదు. విటమిన్ సి మాత్రం చాలావరకు పోతుంది. పప్పు దించాక నిమ్మరసం పిండుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది, ఆకులోని ఇనుమూ ఒంటబడుతుంది.

మెట్టరైతు:
పద్ధతి సరైనదే, చిక్కంతా కాలంతోనే. తోటకూర విరివిగా వచ్చే నెలల్లో గాలిలోనే తేమ ఉంటుంది. నీడన పరచిన ఆకు ఆరేలోపే బూజు పడుతుంది. సోలార్ డ్రయ్యర్ లేనివారు వానకాలపు ఆకును ఎండబెట్టే ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కార్తీకం నుంచి మాఘం దాకా గాలి పొడిగా ఉంటుంది, మెంతికూర, పాలకూర చవకగా దొరికేదీ అప్పుడే. అయితే పాలకూరలో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి 10 కిలోలు ఆరబెడితే కిలోకు మించి మిగలదు. డబ్బాకెత్తిన మర్నాడు మూత లోపలివైపు చెమ్మ కనబడితే మళ్లీ ఆరబెట్టవలసిందే.

నీడపట్టు:
గోంగూరను వానకాలంలో పచ్చడిగానే ఉంచండి. అది నిలిచేదే ఉప్పు, పులుపు, నూనెల బలంతో. పెద్దల కోసమని ఉప్పు తగ్గిస్తే పాడవుతుంది, తినేటప్పుడు ముద్దపప్పు ఎక్కువగా కలుపుకోవడం మేలు. ఇక పెరట్లో చోటుంటే ఒక మునగ, ఒక అవిస నాటండి. వేరు దిగిన తరువాత కాస్త నీరు అందితే చాలు, నడి వేసవిలోనూ పచ్చి ఆకు దొరుకుతుంది. ఎండబెట్టిన ఆకు అది చాలని రోజులకు ఉంటుంది.