పెనాంగ్ ద్వీపంలో డూరియన్ కాలం: పెద్దవాళ్లతో వెళ్లేందుకు సలహాలు కావాలి

ప్రశ్న

పిల్లల బడులు తెరిచేలోగా, మే నెలాఖరులో గానీ జూన్ మొదటి వారంలో గానీ, మలేషియాలోని పెనాంగ్ ద్వీపానికి వెళ్లాలని మా కుటుంబం అనుకుంటోంది. మా అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. నూజివీడు దగ్గర మామిడి తోటలు పెంచిన మా నాన్నగారు, మిగతావన్నీ తరవాత చూడవచ్చునని, ముందు డూరియన్ (ముళ్ల తొక్కతో, ఘాటైన వాసనతో ఉండే పండు) చెట్లను చూసి ఆ పండును తోటలోనే తినాలని గట్టిగా కోరుతున్నారు. అమ్మకు మధుమేహం ఉంది. నాన్నగారికి మూత్రపిండాల పనితీరు కొంత తగ్గిందని వైద్యులు మందులు వాడిస్తున్నారు. ఇద్దరూ శాకాహారులే. ఆ రోజులకు పండ్లు అందుతాయా, తోటలు ద్వీపంలో ఏ వైపున ఉన్నాయి, కొండ రైలు, ఆలయాలు వంటివి అలసట లేకుండా ఎలా చూడవచ్చు, ఏ పండ్ల విషయంలో జాగ్రత్తపడాలి అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (పెనాంగ్‌లోని బాయన్ లెపాస్‌లో ఉద్యోగం చేస్తున్న సభ్యుడు)

మీ నాన్నగారి కోరిక ఎంతో బాగుందండి. పెనాంగ్‌లో డూరియన్ సాధారణంగా మే చివర మొదలై, జూన్, జూలైలలో నిండుగా వచ్చి, ఆగస్టుకు తగ్గుతుంది. అయితే ఏటా ఒకే తేదీకి రాదు. కొన్నాళ్లు వాన లేకుండా ఎండ కాస్తేనే చెట్టు పూతకు వస్తుంది. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రిపూట గబ్బిలాలు వాటి మీద వాలి పుప్పొడిని చేరవేస్తాయి. పూత మొదలు పండు రాలే వరకు మూడు, నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి మీకు వీలున్న రెండింటిలో జూన్ మొదటి వారమే మేలు.

తోటలు ఎక్కువగా ద్వీపం పడమటి వైపున, బాలిక్ పులావ్ చుట్టూ ఉన్న కొండవాలుల్లో ఉన్నాయి. ద్వీపంలోని ప్రధాన నగరమైన జార్జ్ టౌన్ నుంచి వెళ్లే కొండ దారిలో మలుపులు ఎక్కువ కనుక, పెద్దవాళ్లకు కడుపులో తిప్పే అలవాటు ఉంటే కారును నిదానంగా నడపమని చెప్పండి. ఇక్కడి రైతులు పండును చెట్టు మీద నుంచి కోయరు. పూర్తిగా పండి దానంతట అదే రాలేదాకా ఆగి, చెట్ల కింద వలలు కట్టి, తెల్లవారగానే ఏరుకుంటారు. థాయ్‌లాండ్‌లో కోసి మాగబెట్టడమే ఎక్కువ, రుచిలోని తేడాకు అది ఒక పెద్ద కారణం. రాలిన పండు గంటలు గడిచేకొద్దీ మారిపోతుంది కాబట్టి ఉదయమే చేరుకోవడం మంచిది. తోటవారు చూపిన దారి తప్ప మరోచోట చెట్ల కింద నిలబడవద్దు, పిల్లలను నిలబడనివ్వవద్దు. ముళ్లతో రెండు కిలోలు తూగే పండు అంత ఎత్తు నుంచి పడితే ప్రమాదం.

అందరూ మూసాంగ్ కింగ్ అనే రకం పేరే చెబుతారు. అది మంచిదే, కాని మలేషియా అంతటా దొరుకుతుంది, ధర కూడా ఎక్కువ. పెనాంగ్ దాకా వచ్చి ఇక్కడి పాత చెట్ల పండ్లు రుచి చూడకుండా వెళ్లడం నిజంగా నష్టమని నా అభిప్రాయం. నారింజ, ఎరుపు కలిసిన రంగు తొనలుండే ఆంగ్ హేతో మొదలుపెట్టండి. చేదు ఎక్కువగా ఉండే రకాలను చివరికి ఉంచండి, ముందే తింటే తీపివాటి రుచి తెలియదు. ధర తొక్కతో సహా కిలోకు చెబుతారు కనుక ముందే అడిగి, తూకం మీ కళ్లెదుటే వేయించి, పండును అక్కడే విప్పించుకోండి.

మిగతావాటికి వేరే రోజు పెట్టుకోండి. పెనాంగ్ కొండ మీదికి 1923 నుంచి రైలు నడుస్తోంది, ఇప్పుడున్న బండిలో పైకి చేరడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. దిగువన ఉన్న కెక్ లోక్ సి బౌద్ధాలయం దగ్గరే కాబట్టి రెండూ ఒకే పూటలో చూడవచ్చు. జార్జ్ టౌన్‌లో 1833 నాటి మహామారియమ్మన్ ఆలయం చుట్టుపక్కల శాకాహార భోజనం సులువుగా దొరుకుతుంది.

సమాధానం 2 (గుంటూరు నుంచి ఒక వైద్యురాలు)

మీ నాన్నగారి గురించి ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. స్టార్ ఫ్రూట్‌ను, అంటే అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే పండును, ఆయనకు ఒక్క ముక్క కూడా పెట్టవద్దు, రసం అసలే వద్దు. అందులోని కారాంబాక్సిన్ అనే విషపదార్థాన్ని ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. పనితీరు తగ్గినవారిలో అది పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. ఆగని ఎక్కిళ్లు తొలి లక్షణంగా కనిపించవచ్చు, ఆ తరవాత మతి తప్పడం, మూర్ఛలు, ప్రాణాపాయం కూడా సంభవించాయి. మలేషియాలో ఈ పండు రసాన్ని విరివిగా అమ్ముతారు కనుక, కలిపి తీసిన రసాల్లో ఏమేమి ఉన్నాయో అడగకుండా ఆయనకు ఇవ్వవద్దు.

డూరియన్‌లో పొటాషియం, చక్కెర రెండూ ఎక్కువే. నాన్నగారి రక్తంలో పొటాషియం ఎంతుందో బయలుదేరే ముందు పరీక్ష చేయించి, ఎంత తినవచ్చో ఆయన వైద్యుణ్ణే అడగండి. అమ్మగారు ఒక తొన తినదలచుకుంటే ఆ పూట అన్నమో రొట్టో తగ్గించి తినవచ్చు. డూరియన్ వేడి చేస్తుందని, వెంట మాంగోస్టీన్ (ఊదారంగు తొక్క, లోపల తెల్లటి తొనలు ఉండే పండు) తింటే సరిపోతుందని అక్కడ చెబుతారు. మాంగోస్టీన్‌లో కూడా చక్కెర ఉంటుంది కాబట్టి మధుమేహానికి ఆ లెక్క పనికిరాదు.

సమాధానం 3 (పెరాక్ రాష్ట్రంలో స్థిరపడిన మలేషియా తెలుగు సభ్యుడు)

శాకాహారులు కనుక ఇది కూడా గమనించండి. రోజాక్ అనే పండ్ల ముక్కల వంటకం చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది, కాని పెనాంగ్‌లో దాని మీద పోసే నల్లటి చిక్కని పులుసును రొయ్యల ముద్దతో చేస్తారు. అది లేకుండా ఇవ్వమని అడగండి, లేదా మానేయండి.

మీ నాన్నగారికి జాజికాయ చెట్టు తప్పక చూపించండి. మన ఇళ్లలో గింజను, జాపత్రిని మాత్రమే వాడతాం. పెనాంగ్‌లో పైకండను కూడా పారేయకుండా రసం తీస్తారు, చక్కెరలో ఊరబెట్టి అమ్ముతారు. తోటలు పెంచినవారికి అది ఆసక్తిగా ఉంటుంది. మాంగోస్టీన్ కొనేటప్పుడు తొక్క వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి, రాయిలా ఉంటే లోపల చెడిపోయి ఉండవచ్చు. కాయ అడుగున పువ్వులాంటి గుర్తులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలుంటాయి, పిల్లలకు లెక్కపెట్టి చూపించండి. తొక్క రసం బట్టలకు అంటితే వదలదు.

వాసన ఘాటుగా ఉంటుంది కనుక డూరియన్‌ను చాలా హోటళ్లు గదుల్లోకి అనుమతించవు, విమానంలో వెంట తీసుకువెళ్లడం కూడా కుదరదు. తోటలోనే తిని, అక్కడే చేతులు కడుక్కుని బయలుదేరండి.