భక్తి లేనివాళ్ళు త్యాగరాజ కీర్తన వాయిస్తే అది కీర్తనేనా?

వయొలిన్_విద్యార్థి:
పదేళ్ళుగా నేర్చుకుంటున్నాను. దేవుడి మీద నమ్మకం లేదు. మొన్న "నిధి చాల సుఖమా" (డబ్బు సుఖమా, రాముడి సన్నిధిలో సేవ సుఖమా అని అడిగే కల్యాణి రాగ కీర్తన) వాయిస్తే ఒక పెద్దాయన "కల్యాణి వినిపించింది గానీ రాముడు కనిపించలేదు" అన్నారు. నాలుగు తీగల మీద రాముణ్ణి ఎక్కడ చూపించాలి? వెక్కిరింత కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాత_శ్రోత:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది బాబూ? "సంగీత జ్ఞానము భక్తి వినా సన్మార్గము గలదే" అని ధన్యాసి రాగ కీర్తనలో త్యాగరాజ స్వామివారే తేల్చేశారు. మీరు వాయించింది తంజావూరు రాజు శరభోజి కొలువు కాదనుకుని పాడిందని పెద్దలు చెప్పుకునే పాట. తిరువయ్యారులో ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా భిక్షతో బతికిన మనిషి ఆయన. ఆ బతుకు వద్దు, రాగం మాత్రం కావాలంటే ఎలా?

జంత్రగాత్రం:
సన్మార్గం లేదన్నారు, పాట రాదనలేదు కదండీ! ఆభోగి రాగ కీర్తనలో అయితే మనసు నిలవనివాడికి గంటలు, పువ్వుల పూజ ఏం చేస్తుందని భక్తులనే నిలదీశారు. కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చిన మౌలానా గారి నాదస్వరానికి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది. ఆయన మతం ఎవరికైనా అడ్డొచ్చిందా?

పాత_శ్రోత:
మౌలానా గారికి రంగనాథుడంటే ఎంత గురో తెలుసా? ఆ ఉదాహరణ నా వైపుకే వస్తుంది.

సాహిత్యం_ముందు:
అది మాత్రం నిజం. కానీ నన్నడిగితే భక్తి లేకపోవడం కన్నా మాట తెలియకపోవడమే పెద్ద లోటు. తమిళనాట ఉండి ఆయన తెలుగులో రాశారు, మనమేమో తెలుగువాళ్ళమై ఉండి అర్థం చూసుకోం. "నిధి చాల సుఖమా" చరణం చూడండి. పాలూ వెన్నా రుచా, రామధ్యానం రుచా అంటారు. మంచిది రెండోది. తర్వాత శమదమాలు, అంటే మనసూ ఇంద్రియాల అదుపు, అనే గంగలో స్నానం సుఖమా, బురద బావిలో స్నానం సుఖమా అంటారు. ఇక్కడ మంచిది ముందుకొచ్చింది! మళ్ళీ ముందు నరస్తుతి, అంటే మనుషుల్ని పొగడటం, ఆ తర్వాత రాముడి కీర్తన. ఇది తెలియని చేయి మూడు చోట్లా ఒకేలా ఒత్తుతుంది, గంగ దగ్గర కూడా బావి మీదే బరువు పెడుతుంది. చాలామంది "మమత బంధనయుత నరస్తుతి సుఖమా" దగ్గర నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా రాగంలో పెంచడం) ఎత్తుకుని అక్కడే తిరుగుతారు. ప్రశ్నలో సగమే వినిపిస్తుంది. భక్తులు కూడా ఇలాగే చేస్తున్నారు, ఏం చెప్పమంటారు?

పాత_శ్రోత:
అర్థం తెలిస్తే భక్తి దానంతట అదే వస్తుంది. నా మాట మారదు.

వయొలిన్_విద్యార్థి:
నాకు నేర్పింది ఆ సగమే. ఇవాళ "సుమతి త్యాగరాజనుతుని కీర్తన సుఖమా" దాకా తీసుకెళ్ళి వాయించాను. విల్లు ఆగే చోటే మారిపోయింది. రాముడు కనిపించాడో లేదో ఆ పెద్దాయన్నే అడగాలి.