పెనుకొండ కార్ల కర్మాగారం: ఊళ్లో బండ్లు పెరిగితే ఊరు బాగుపడినట్టేనా?

సీమవాసి (చర్చ ప్రారంభం):
హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి పక్కన, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాదాపు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం దానివి. వేరుశనగను, వానను నమ్ముకొని, రెండూ మొండిచేయి చూపినప్పుడు బెంగళూరుకు వలసపోయిన ప్రాంతానికి ఇంతకన్నా పెద్ద ఊతం ఇటీవలి కాలంలో దొరకలేదు. ఈనాడు పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం వీధుల్లో ఇంటింటా మోటారు సైకిలు కనిపిస్తోంది, కార్లూ పెరిగాయి. పరిశ్రమ తెచ్చిన సంపదకు ఇదే నిదర్శనమని నా వాదన.

పెన్నాతీరం:
సీమవాసి గారూ, నిదర్శనమే బలహీనంగా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు సగం కుటుంబాలకు ద్విచక్ర వాహనం ఉంది, కారు ఉన్నవి నూటికి ఎనిమిదికి మించవు. ఒక్క కర్మాగారమైనా లేని జిల్లాల్లోనూ బండ్లు పెరిగాయి, ఎందుకంటే తక్కువ ముందస్తు సొమ్ముతో ఫైనాన్సులో బండి ఇచ్చే షోరూములు ఇప్పుడు మండల కేంద్రాల దాకా వచ్చాయి. అదీగాక, ఊరి చివరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంటే, రాత్రి షిఫ్టుకు పోవలసిన కుర్రవాడు అప్పు చేసైనా బండి కొనక తప్పదు. ఆ బండిని మనం అతని సంపదలో రాయాలా, ఖర్చులో రాయాలా? పైగా ఎర్రమంచిలో తయారయ్యే కారు ఏదైనా లక్షల్లో పలుకుతుంది, చుట్టుపక్కల పల్లెలు కొంటున్నది మోటారు సైకిళ్లు.

లెక్కల మాస్టారు:
ఇద్దరూ పన్నుల సంగతి వదిలేశారు. ఎర్రమంచిలో తయారైన ప్రతి కారు మీదా మన రాష్ట్రానికి పన్ను వస్తుందని చాలామంది అనుకుంటారు. కాని వస్తుసేవల పన్ను (జీఎస్టీ) వినియోగం జరిగే చోటుకు చెందుతుంది కనుక, ఆ కారు ఢిల్లీలో అమ్ముడైతే రాష్ట్ర వాటా ఢిల్లీకి పోతుంది, జీవితకాల పన్ను కూడా రిజిస్ట్రేషను జరిగిన రాష్ట్రానిదే. మనం భూమి ఇచ్చాము, హంద్రీ–నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు ఇచ్చాము. బదులుగా ఇక్కడ మిగిలేవి జీతాలు, అనుబంధ పరిశ్రమల కొనుగోళ్లు, లారీల కిరాయిలు, ఇళ్ల అద్దెలు. ఆ జీతం తీసుకున్నవారు బెంగళూరులో కాపురం పెట్టి ఖర్చు కూడా అక్కడే చేస్తే, అందులో మనకు దక్కేది చాలా తక్కువ.

సీమవాసి:
పన్ను విషయం ఒప్పుకుంటున్నాను, కాని దానితో పరిశ్రమ విలువ తగ్గదు. ఒక కారుకు వేల విడిభాగాలు కావాలి, వాటిని చేసే కొరియా సంస్థలు కొన్ని కర్మాగారం చుట్టూ వెలిశాయి. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ 1998లో ఉత్పత్తి మొదలుపెట్టాక చెన్నై శివార్లు ఎలా ఎదిగాయో చూడండి. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని 2019లో మన శాసనసభ చట్టం కూడా చేసింది.

పెన్నాతీరం:
చట్టాన్ని అంతగా నమ్ముకోలేము. హర్యానా చేసిన అటువంటి చట్టాన్ని పంజాబ్–హర్యానా హైకోర్టు 2023లో కొట్టివేసింది. ఇక చెన్నై ఉదాహరణకు రెండో వైపూ ఉంది: అదే నగరం పక్కన మరైమలై నగర్‌లో ఫోర్డ్ 2022లో ఉత్పత్తి ఆపేసినప్పుడు, దాన్ని నమ్ముకున్న విడిభాగాల సంస్థలకూ దెబ్బ తగిలింది. చెన్నైకి ఇతర కార్ల సంస్థలు ఉన్నాయి కనుక తట్టుకుంది. పెనుకొండ ప్రధానంగా ఒక్క సంస్థ మీద నిలబడింది. విద్యుత్తు కార్లు పెరిగేకొద్దీ ఇంజను, గేరుబాక్సు భాగాల పని తగ్గుతుందన్నది మరో చిక్కు.

కర్మాగారం వద్దని నేను అనడం లేదు. బండ్లు లెక్కపెట్టి తృప్తి పడటం మాని, పెనుకొండ, సోమందేపల్లి, గోరంట్ల మండలాల యువకులలో ఎందరు శాశ్వత ఉద్యోగులు, ఎందరు కాంట్రాక్టు కార్మికులు, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారిలో ఎందరు యంత్రాల మీద పనిచేసే స్థాయికి చేరారు అన్న వివరాలు ఏటా మండలాలవారీగా ప్రకటించమని జిల్లా యంత్రాంగాన్ని అడగాలంటున్నాను.

లెక్కల మాస్టారు:
ఆ జాబితాలో అనుబంధ సంస్థలను కూడా చేర్చాలి. ఉద్యోగాలు ఎక్కువ దొరికేదీ, జీతాలు తక్కువ ఉండేదీ సాధారణంగా వాటిలోనే.