ఇంగ్లండులో అక్క పెట్టే టేబుల్ మీదకి మన గోదావరి నుంచి ఏం పంపాలి?

పాలకొల్లు_పిల్ల:
అందరికీ నమస్తే అండి. మా అక్క ఇంగ్లండులో ఒక లైబ్రరీలో పనిచేస్తుంది. అక్కడ 2020 నుంచి ఏటా సౌత్ ఏషియన్ హెరిటేజ్ మంత్ అని చేస్తున్నారు, మనోళ్లు, పాకిస్తానోళ్లు, బంగ్లాదేశోళ్లు, శ్రీలంకోళ్లు అందరూ కలిసి. వాళ్ల లైబ్రరీలో ఎప్పుడూ బాలీవుడ్ డాన్సు, సమోసా, మెహందీ ఇవేనంట. ఈసారి మా అక్కకి ఒక టేబుల్ ఇచ్చి మీ ప్రాంతం గురించి పెట్టుకో అన్నారు. నాకైతే భలే సంతోషంగా ఉంది కానీ ఏం పంపాలో తేలట్లేదు. పార్సిల్‌లో పట్టాలి, పాడవకూడదు, అక్కడోళ్ల ఇళ్లల్లో కూడా వాడేది అయితే ఇంకా బాగుంటుంది. చెప్పండి ప్లీజ్.

గౌతమి_గట్టు:
పూతరేకులు లేకుండా మన టేబుల్ ఏంటండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. కాకపోతే చుట్టినవి పంపకండి, అక్కడికెళ్లేసరికి నుజ్జయిపోతాయి. ఉత్తి రేకులు విడిగా దొరుకుతాయి, గట్టి డబ్బాలో పెట్టి పంపితే మీ అక్కగారు తడిగుడ్డ మీద రేకు పరిచి నెయ్యి రాసి బెల్లం పొడి చల్లి అందరి ముందే చుట్టి పెట్టొచ్చు. పక్కన ఫోన్‌లో వీడియో ఒకటి తిప్పండి, బోర్లించిన కుండ, లోపల మంట, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డని కుండ మీద అలా లాగగానే పొర లేచొచ్చేస్తది. ఆ ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు, ఇంక వేరే ఏం చెప్పక్కర్లేదు.

ఉప్పుటేరు:
ఉప్పాడ చీర ఒకటి పెట్టండి, అది జామ్దానీ నేతే. జామ్దానీ నేత అసలు పేరుపడింది ఢాకాలో, ఆ నేతని 2013లో యునెస్కో గుర్తించింది. మన ఉప్పాడకి 2009లో జీఐ వచ్చింది. పక్క టేబుల్ బంగ్లాదేశ్ వాళ్లదైతే రెండు చీరలూ పక్కపక్కన పరవమనండి. పువ్వు పువ్వుకీ విడిగా పోగు చేత్తో ఎక్కిస్తారు, చీర తిరగేసినా చూడముచ్చటగానే ఉంటది, అది తిప్పి చూపించమనండి.

నరసాపురం_లేసు:
లేసు ఎవరూ అనలేదేంటి!! మా అమ్మా పెద్దమ్మా ఇప్పటికీ అల్లుతారు. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుని, ఒళ్లో దారం ఉండ, చిన్న కొక్కెం సూది, మాట్లాడుతూనే ఉంటారు చెయ్యి మాత్రం ఆగదు, చూడకుండానే కుట్లు లెక్కపెట్టేస్తారు. ఏజెంటు దారం ఇచ్చి ముక్క లెక్కన కూలిస్తాడు, ఆ కూలి మాత్రం మరీ తక్కువ, అది కూడా అక్కడ చెప్పాలి. మన నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అల్లిన టేబుల్ క్లాతులు, దిండు గలీబులు ఎన్నో ఏళ్లుగా యూరప్, అమెరికా ఎగుమతి అవుతున్నాయి. అక్కడోళ్ల ఇళ్లల్లో వాడేది అన్నారుగా, ఇదే అది.

కోనసీమ_కుర్రోడు:
లేసు మనదెలా అవుద్దండి, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. మనదంటే ప్రభల తీర్థం, ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగు గుడ్డలతో అలంకరించి దేవుణ్ణి పెట్టి మోసేది. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి ప్రభలు భుజాల మీద మోసుకుంటూ పచ్చటి వరిచేలల్లోంచి, కౌశిక ఏరు దాటించి తెస్తారు, చేను తొక్కారని ఒక్క రైతు కూడా ఏమీ అనడు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఇదే. వెదురుతో చిన్న ప్రభ కట్టించి పంపండి.

నరసాపురం_లేసు:
తమ్ముడూ, మిరపకాయ కూడా బయట నుంచే వచ్చింది, అది లేకుండా మన ఆవకాయ పెట్టి చూపించు. ఇన్ని తరాలుగా మా ఆడవాళ్ల వేళ్లలో ఉన్న పని మాది కాకపోతే ఇంకెవరిది. కొత్త డిజైన్లు మా వీధిలోనే పుడతాయి, ఒకళ్లు అల్లింది చూసి ఇంకొకళ్లు మారుస్తారు. ప్రభ మాత్రం నాకూ ఇష్టమే, ఫోటో పెద్దది పెట్టమను.

కోనసీమ_కుర్రోడు:
సరేనక్కా, ఒప్పుకున్నా. ప్రభ ఫోటోలు నేను పంపుతా.

పాలకొల్లు_పిల్ల:
అందరికీ థ్యాంక్స్ అండి. చీర అక్క దగ్గరే ఒకటుందంట, పెళ్లికి కొన్నది. రేకుల డబ్బా, లేసు నేను పంపుతా. నరసాపురం అక్కా, పూర్తయింది ఒకటి, సగం అల్లి సూది అలాగే ఉంచేసింది ఒకటి కావాలి, చూసినోళ్లు ఎక్కడిదాకా వచ్చిందో పట్టుకుని చూస్తారు. ఏజెంటు రేటు కాదు, మీ అమ్మగారు ఎంతంటే అంత ఇస్తా. పేరు రాయనిస్తే అక్క కార్డు మీద అమ్మగారి పేరు, ఊరు రాసి పక్కన పెడుతుంది. ఆదివారం వస్తే ఇంట్లో ఉంటారా?