లాగోస్‌కి కొత్త: ఫషోలా గురించి ఎంత తెలిస్తే సరిపోతుంది? అద్దె చట్టం సంగతేమిటి?

ప్రశ్న (కొత్తగా వచ్చినవారు, ఇకేజా)

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. నైజీరియాలోని లాగోస్‌కి కొత్తగా వచ్చాను. ఇక్కడ ఎవరితో మాట్లాడినా ఫషోలా పేరు వస్తోంది. ఒకరు లాయరంటారు, ఒకరు గవర్నరంటారు, ఇంకొకరు మంత్రంటారు. ఇల్లు వెతుకుతున్నాను. ఏజెంటు రెండేళ్ల అద్దె ముందే కట్టమంటున్నాడు. ఫషోలా చట్టం ప్రకారం అలా అడగకూడదని ఆఫీసులో అన్నారు. ఎంతవరకు నిజం?

యాబా నుంచి జవాబు

మీరు విన్న మూడూ నిజమే. అసలు మనవాళ్లు పొరబడేది ‘గవర్నర్’ అన్న మాట దగ్గర. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. ఇక్కడ జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, పాలన మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది. మన ముఖ్యమంత్రి అనుకోండి, లెక్క కుదురుతుంది. ఒక్కో పదవీకాలం నాలుగేళ్లు, రెండుసార్లకు మించి వీల్లేదు.

బాబాతుండే రాజీ ఫషోలా 1963 జూన్ 28న లాగోస్‌లో పుట్టారు. తండ్రి పాత్రికేయుడు, తల్లి నర్సు. బెనిన్ విశ్వవిద్యాలయంలో లా చదివి 1987లో పట్టా తీసుకున్నారు. ఆ బెనిన్ పక్క దేశం కాదు, నైజీరియాలోనే ఉన్న బెనిన్ సిటీ. మరుసటి ఏడాది లా స్కూల్ ముగించి బార్‌లో చేరారు. 2002లో అప్పటి గవర్నర్ బోలా టినుబు (ఇప్పటి అధ్యక్షుడు) దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యారు. 2007 మే 29 నుంచి 2015 మే 29 దాకా లాగోస్ గవర్నర్. తర్వాత అధ్యక్షుడు బుహారీ ప్రభుత్వంలో విద్యుత్, రోడ్లు, గృహనిర్మాణం మూడు శాఖలకూ ఒక్కరే మంత్రి. 2019లో విద్యుత్ శాఖ విడిపోయింది, మిగతా రెండూ 2023 దాకా ఆయన దగ్గరే ఉన్నాయి. మంత్రి కదా అని ఏ నియోజకవర్గమని అడగకండి. ఇక్కడ మంత్రి చట్టసభలో సభ్యుడిగా ఉండకూడదు. అధ్యక్షుడు పేరు పంపితే సెనేట్ ఆమోదిస్తుంది, అంతే.

పేరు పక్కన కనిపించే ‘ఎస్‌ఏఎన్’ అంటే సీనియర్ అడ్వకేట్ ఆఫ్ నైజీరియా. కనీసం పదేళ్లు వృత్తిలో ఉన్నవాళ్లకే ఇస్తారు, ఎంపిక చేసే కమిటీకి దేశ ప్రధాన న్యాయమూర్తే అధ్యక్షుడు. ఫషోలాకు 2004లో వచ్చింది. ఆ హోదా ఉన్నవారికి ఉత్తరం రాస్తే పేరు తర్వాత కామా పెట్టి ఎస్‌ఏఎన్ తప్పక రాయండి, వదిలేస్తే పట్టించుకుంటారు. మరో మాట: బారిస్టర్ అనగానే లండన్‌లో చదివొచ్చినవాళ్లని మనకొక లెక్క ఉంది. ఇక్కడ బార్‌లో చేరిన ప్రతి లాయరూ బారిస్టరే, సొలిసిటర్ కూడా. పేరుకు ముందు ‘బారిస్టర్’ అని పిలవడం మామూలు మర్యాద.

సురులేరే నుంచి జవాబు

అద్దె సంగతి నేను చెబుతాను. మీ ఆఫీసువాళ్లు చెప్పింది 2011 నాటి లాగోస్ రాష్ట్ర అద్దె చట్టం. ఫషోలా సంతకం చేసిన చట్టాల్లో మనలాంటివాళ్ల రోజువారీ బతుకును ఇంత దగ్గరగా తాకేది మరొకటి లేదు. దాని ప్రకారం కొత్త కిరాయిదారు దగ్గర ఏడాదికి మించి ముందస్తు అద్దె అడగకూడదు. ఇప్పటికే ఉంటున్నవాళ్లయితే, ఏడాది లెక్కన ఉంటే ఏడాది, నెల లెక్కన ఉంటే ఆరు నెలలు. మీరితే లక్ష నైరాల జరిమానా లేదా మూడు నెలల జైలు. మనవాళ్లు గమనించనిది ఇక్కడుంది: మించి అడగడమే కాదు, మించి ఇవ్వజూపడం కూడా నేరమే. ఇల్లు చేజారిపోతుందని మీ అంతట మీరే రెండేళ్ల డబ్బు ఇస్తాననకండి.

డబ్బు కట్టగానే రసీదు అడగండి. ఇవ్వడం యజమాని బాధ్యత. అందులో తేదీ, ఇద్దరి పేర్లు, ఇంటి చిరునామా, మొత్తం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉండాలి. సర్వీస్ చార్జీకీ డిపాజిట్‌కీ విడిగా రసీదు. అంతా కలిపి ఒకే అంకె రాయించుకుంటే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ ఎంతో తేల్చుకోలేరు. ఏజెంటు కమిషన్, అగ్రిమెంటు ఫీజు చెరో పది శాతం అడగడం రివాజు. మొదటి ఏడాదికి చేతిలో ఉండాల్సిన డబ్బు అద్దెకంటే బాగా ఎక్కువని ముందే లెక్కేసుకోండి.

ఖాళీ చేయించాలంటే, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, నెల అద్దెకు నెల రోజుల నోటీసు, ఏడాది అద్దెకు ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. అది ముగిశాక మళ్లీ ఏడు రోజుల నోటీసు, ఆపైన కోర్టు. మధ్యలో తలుపులు పీకడం, పైకప్పు తీసేయడం నేరం.

లెక్కీ నుంచి జవాబు

రోడ్డు మీద జాగ్రత్తలు. 2008 మార్చిలో మైల్ 12 నుంచి సీఎంఎస్ దాకా 22 కిలోమీటర్ల బీఆర్టీ దారి, అంటే బస్సులకే కేటాయించిన దారి, మొదలైంది. ఆ దారిలోకి మీ డ్రైవర్ని పోనివ్వకండి, ట్రాఫిక్ జామ్‌లో కళ్లముందు ఖాళీగా కనిపిస్తుంది గనక చాలామంది అక్కడే దొరికిపోతారు. బస్సులో డబ్బు తీసుకోరు, కౌరీ కార్డు కొని రీచార్జి చేసుకోవాలి. అదే కార్డు మరీనా నుంచి మైల్ 2కి వెళ్లే బ్లూ లైన్ రైలుకీ పనికొస్తుంది. ఆ రైలు పనులు కూడా ఫషోలా కాలంలోనే మొదలైనా, ప్రయాణికులు ఎక్కింది 2023 సెప్టెంబరులో.

2012 ట్రాఫిక్ చట్టం 475 రోడ్ల మీద ఒకాడాలను, అంటే బైకు టాక్సీలను, నిషేధించింది. తర్వాతి ప్రభుత్వాలు ఇంకా బిగించాయి. 2022 జూన్ నుంచి ఇకేజా, సురులేరే, ఎటి-ఓసా, అపాపా, లాగోస్ ఐలాండ్, లాగోస్ మెయిన్‌లాండ్‌లలో పూర్తి నిషేధం, ఆ సెప్టెంబరులో మరో నాలుగు ప్రాంతాలు చేరాయి. నడిపేవాడితోపాటు వెనక ఎక్కినవాడికీ శిక్ష ఉంది. పక్కవాళ్లు ఎక్కుతున్నారు కదా అని మీరు ఎక్కొద్దు. వన్‌వేలో ఎదురెళ్లడం కూడా ఇక్కడ చలానాతో పోయే తప్పు కాదు, బండి పోతుంది, జైలూ పడొచ్చు.

లెక్కీ-ఇకోయి వంతెన (1.36 కిలోమీటర్లు, 2013 మే 29న తెరిచారు) మీద టోల్ ఉంటుంది. దాని మీద ఒక లాయర్ కోర్టుకు వెళ్తే, 2014 మార్చిలో ఫెడరల్ హైకోర్టు ఆ టోల్ చట్టవిరుద్ధమంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, వసూలు ఆగలేదు. టోల్ గేటు దగ్గర తీర్పుల గురించి వాదించి లాభం లేదు.

ఒజోటా నుంచి జవాబు

ఆఫీసు మాటల గురించి కూడా చెప్పాలి. 2014 జూలై 20న ఎబోలా సోకిన ప్రయాణికుడు లాగోస్‌లో దిగాడు. దేశమంతటా 20 కేసులు, 8 మరణాలతో ఆగింది, అక్టోబరు 20న డబ్ల్యూహెచ్‌ఓ నైజీరియాలో ఎబోలా లేదని ప్రకటించింది. ఇంత పెద్ద ఊళ్లో అది మామూలు సంగతి కాదు. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి న్యాయంగా రావలసిన పేరుంది, అంతకంటే పెద్ద పేరు రోగిని బయటికి పంపనివ్వక, తన ప్రాణమే పోగొట్టుకున్న డాక్టర్ అమెయో అడాదెవోకు చెందాలి.

కానీ అందరి ముందూ ఫషోలాను ఆకాశానికెత్తకండి. 2012లో సమ్మెకు దిగిన 788 మంది ప్రభుత్వ డాక్టర్లను ఒక్కసారిగా తీసేశారు. అదే ఏడాది మకోకోలో నీటిమీది ఇళ్లు కూల్చారు. 2013లో కొందరు ఇగ్బోవాళ్లను (ఆగ్నేయ నైజీరియా జాతి) లాగోస్ నుంచి తీసుకెళ్లి అటువైపున్న ఒనిచా ఊళ్లో దింపేశారు. ఇగ్బో ప్రజలకు అది ఇప్పటికీ పచ్చిగాయం, ఆయన తర్వాత క్షమాపణ చెప్పారు. మీ బృందంలో ఇగ్బోవాళ్లుంటే ముందు వాళ్లు చెప్పేది వినండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. అయితే రెండేళ్లు అడిగిన ఏజెంటుకు చట్టం చూపిస్తాను. ఇల్లు ఇకేజా జీఆర్‌ఏలో (గవర్నమెంట్ రిజర్వేషన్ ఏరియా అనే పేట).

సురులేరే నుంచి

ఆగండి తమ్ముడూ, ఈ మాట ముందే చెప్పాల్సింది. అపాపా, ఇకేజా జీఆర్‌ఏ, ఇకోయి, విక్టోరియా ఐలాండ్ నాలుగింటినీ ఆ చట్టం మొదట్లోనే మినహాయించింది. మనవాళ్లకు కంపెనీలు ఇళ్లిచ్చేది ఎక్కువగా అక్కడే. అక్కడ మీకు రక్షణ అగ్రిమెంటులో రాయించుకున్నదే. నోటీసు గడువు, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల డబ్బు ఏమవుతుంది, జనరేటర్ డీజిల్ ఎవరిది, ఈ నాలుగూ కాగితం మీదికి రావాలి. అగ్రిమెంటు రాసే లాయర్ యజమాని తరఫు మనిషి, ఫీజు మీరు కట్టినా సరే. మీకంటూ వేరే లాయర్‌కు చూపించాకే డబ్బు పంపండి. ఇంటి అలవెన్సు కంపెనీ ఇస్తుంటే అగ్రిమెంటు కంపెనీ పేరు మీదే చేయించమని హెచ్‌ఆర్‌ని ఇవాళే అడగండి.